మా లారీ బ్రీదర్ పైపూ, దుబాయి బావా

సిరిసిల్లలో గుడ్డల బేళ్లు ఎక్కించుకొని జగిత్యాల, కోరుట్ల దుకాణాల్లో దించడం నా పని. ఉన్నది ఒక్క లారీ. దానికి యజమానిని నేనే అయినా పెత్తనం మా అక్క భర్తది. బావ కొన్నేళ్లు దుబాయిలో క్రేన్ నడిపి వచ్చాడు. అక్కడినుంచి తెచ్చుకున్న సామానంతా ఎప్పుడో పాడైపోయింది గానీ, ఇంజన్ల మీద ఆయన అభిప్రాయాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఒకరోజు ఎయిర్ ఫిల్టర్ మారుద్దామని, ఇంజన్లోకి గాలిని నెట్టే టర్బోకు గాలి పోయే పైపు విప్పితే లోపలంతా ఇంజన్ ఆయిల్. జగిత్యాలలో నేనెప్పుడూ బండి చూపించే మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన పైపులోకి టార్చి వేసి చూసి, పరామర్శకు వచ్చినవాడిలా ముఖం పెట్టాడు.

"టర్బో పోయిందన్నా. లేకుంటే పిస్టన్ రింగులు పోయినై. రెండు గూడ పోయి ఉండచ్చు."

"బండి మంచిగనే గుంజుతున్నది గదా?"

"పోయేముందు గట్లనే గుంజుతది."

ఇంజన్ దించుదామన్నాడు. ఆలోచించుకొని వస్తానని ఇంటికి తిరిగొచ్చాను. సంగతి విని బావ నవ్వాడు.

"గాయనకేం తెల్సు? దుబాయిల గిసొంటియి శానా చూసిన," అంటూ క్యాబిన్ లేపించి ఒక రబ్బరు పైపు పట్టుకున్నాడు. "ఇగో, గీ పైపు ఇంజన్లకెల్లి అచ్చి గాలి పైపుల కలుస్తున్నది. ఆయిల్ గీడికెల్లే అస్తున్నది. దీన్ని మూస్తే ఆయిల్ బంద్."

ఆయిల్ నిజంగానే అక్కడినుంచే వస్తోంది. చెప్పినదాంట్లో సగం నిజం కాబట్టి నాకు పూర్తి నమ్మకం కుదిరింది. బావ కట్టె చెక్కి పైపులో బిరడా కొట్టి, క్లిప్పు బిగించి, అక్కను చాయ్ పెట్టమన్నాడు.

మర్నాడు సిరిసిల్ల నుంచి లోడుతో వస్తుంటే ఆయన కూడా ఎక్కాడు, కొండగట్టు అంజన్న దర్శనానికి. ఇస్త్రీ చేసిన తెల్లంగి, తెల్ల లుంగీ. కొండగట్టు ఇంకా కొంత దూరముందనగా మాడు వాసన వచ్చింది. ఆపి చూస్తే ఇంజన్‌కు ఎక్కడ అతుకుంటే అక్కడ ఆయిల్ కారుతోంది.

"ఆయిల్ ఎక్కువైనట్టుంది. ఆగు, చూస్త," అని బావ, ఇంజన్ నడుస్తుండగానే, ఆయిల్ కొలిచే గేజు కమ్మి పీకాడు. బుస్సుమని వేడి ఆవిరి, దాంతోపాటు నల్లని ఆయిల్ ఎగజిమ్మింది. అంజన్న దర్శనం వాయిదా పడింది.

నేను ఇంజన్ ఆపి బిరడా పీకేశాను. మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ పైపులోంచి పొగ వచ్చింది, కారడం తగ్గింది. మెల్లగా జగిత్యాల చేరాం.

"గీ బ్రీదర్ పైపు ఎవలు మూసిండ్రు?" అన్నాడు మెకానిక్. బావ రోడ్డు మీద పోయే బస్సుల్ని శ్రద్ధగా చూడసాగాడు.

ఆ పైపు వెంటే వెతుక్కుంటూ పోతే ఒక చిన్న డబ్బా దొరికింది. లోపలి ఫిల్టర్ నల్లటి బురదతో పూడిపోయి ఉంది. అప్పటికి గానీ నాకు తెలిసిరాలేదు. సిలిండర్లో మండిన పొగ ఎంత కొత్త ఇంజన్లోనైనా రింగుల సందుల్లోంచి కొంచెం కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. అది బయటపడే దారి ఈ పైపే; మూస్తే అతుకుల్లోంచి ఆయిల్‌ను తోసుకొస్తుంది. పొగ వెంట ఆయిల్ తుంపర కూడా వస్తుంది. ఆ తుంపరను పట్టి మళ్లీ కిందికి పంపేది ఆ డబ్బా. దానికి ఫిల్టర్ ఉంటుందనే నాకు తెలియదు, ఇక మార్చేదెక్కడ! అది పూడిపోయేసరికి ఆ ఆయిలంతా గాలి పైపులోకి చేరింది.

కొత్త ఫిల్టర్ వేసి, పైపులు కడిగి, బ్రీదర్‌ను దాని చోట తగిలించాం. మెకానిక్ టర్బోను కూడా తిప్పి చూశాడు.

"టర్బో మంచిగున్నది. నేను ముందే అనుకున్న," అన్నాడు.

బావ ఊరుకోలేదు. "ఆయిల్ గా పైపుకెల్లే అస్తున్నదని ముందుగాల చెప్పిందెవరు?"

మెకానిక్‌కు డబ్బులిచ్చి బండెక్కాను. ఆ వారమే మల్లాపూర్ దాకా లోడు దించి వచ్చి, మనసాగక గాలి పైపు మళ్లీ విప్పాను. పల్చటి జిడ్డు ఉంది. ఆ మాత్రం ఉండాల్సిందేలే అని, ఎవరినీ అడక్కుండా బిగించేశాను.