ఖాలా నేర్చుకున్న ‘నేను’

మొగుడంపల్లి హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరిన ఏడాదే నాకు టైఫాయిడ్ వచ్చింది. అప్పటికి జహీరాబాద్‌లో ఒక ఇంటి మీద గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. ఊరి నుంచి అమ్మ వచ్చి వారం రోజులుండి, నాట్ల పని ఆగదని వెళ్లిపోయింది. ఆ తర్వాత నన్ను చూసుకున్నది ఇంటావిడే. అరవై దాటిన మనిషి. భర్త పోయాక కింది భాగంలో ఒక్కతే ఉండేది. వీధిలో అందరూ ఖాలా అనేవారు. ఉర్దూలో పిన్ని అన్నమాట. నేనూ అలాగే పిలిచేదాన్ని.

అమ్మ వెళ్లిన మర్నాడు ఖాలా మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తూ అంది: “నువ్వు మెట్లు ఎక్కలేవ్ బేటా. నీకు మోకాళ్లు నొస్తయ్. కిందికి రా, ఈడనే పండు.”

నా మోకాళ్లకేం కాలేదు. ఎక్కలేనిది ఆవిడే, నొప్పి ఆవిడ మోకాళ్లకే. ఖాలా తెలుగు అలా ఉండేది. బీదర్‌లో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది. ఇంట్లో ఉర్దూ. తెలుగు నేర్పినవాళ్లు ఎవరూ లేరు. కూరగాయలమ్మే ఆడవాళ్లు, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఇరుగుపొరుగు తనతో అన్న మాటలే చెవిన పడి నిలిచాయి. వాళ్లంతా తనను ‘నువ్వు’ అన్నారు కాబట్టి, తన గురించి తాను చెప్పుకోవాలన్నా ఖాలాకు వచ్చే మాట ‘నువ్వు’ ఒక్కటే.

ఆవిడ ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీద దాదాపు ఇరవై రోజులు పడుకున్నాను. పొద్దున జ్వరం కాస్త తగ్గేది. మధ్యాహ్నం మళ్లీ ఎక్కేది. ఖాలా నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, పక్కన కుర్చీలో కూర్చుని చెప్పేది.

“నువ్వు పొద్దుగాల లేస్తవ్. ఆపా నీ జడ గట్టిగ గుంజి అల్లుతది. ఇద్దరు కలిసి కోట మీదికి పోతరు. ఎర్రమట్టి నీ కాళ్లకు అంటుతది. పైన మస్తు గాలి. నీ దుపట్టా ఎగిరిపోతది, నువ్వు ఉరుకుతవ్.”

ఆపా అంటే అక్క అని తెలుసు. నాకు అక్క లేదు. అయినా ఆ మధ్యాహ్నాల్లో ఉండేది. తల వెనుక జడ గుంజినట్టే అయ్యేది. హైవే మీద లారీల మోత దూరం నుంచి వచ్చి, కోటగోడను కొట్టే గాలిలా మారిపోయేది. బురుజు మీద నా కంటే ముందు ఎవరో నడుస్తుంటే, ఆ దుపట్టా కొస పట్టుకుని వెంట వెళ్లేదాన్ని. పావురాలు ఒక్కసారిగా లేచేవి. ఎక్కడో కింద ఊరు, తెల్లటి ఇళ్లు, ఆరేసిన చీరలు. నేను అప్పటికి బీదర్ చూడనే లేదు. మెలకువ వచ్చాక దుప్పటి తీసి అరికాళ్లు చూసుకున్నాను ఒకరోజు, మట్టి ఉందేమోనని.

కథ ఎప్పుడూ ఒకేచోట ఆగేది. “ఇగ నువ్వు కిందికి దిగుతవ్” అని చెప్పి ఖాలా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

జ్వరం తగ్గి మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టాక, ఆరో తరగతికి పురుషలు చెప్పాల్సి వచ్చింది. మాట్లాడేవారు ఉత్తమ పురుష, ఎదుట ఉండి వినేవారు మధ్యమ పురుష, అక్కడ లేనివారు ప్రథమ పురుష. బోర్డు మీద ‘నువ్వు వచ్చినావు’ అని రాస్తుంటే చేయి ఆగింది. ఆ ఇరవై రోజులూ వింటున్నది నేనే. కాబట్టి కోట ఎక్కింది కూడా నేనే అయ్యాను. పిల్లలు ఎదురుచూస్తున్నారు. మిగిలిన పాఠం ఎలా చెప్పానో గుర్తులేదు.

ఆ సాయంత్రమే ఖాలా తనంతట తాను అడిగింది. “జర నీకు తెలుగు మంచిగ నేర్పు బేటా. దవాఖానల డాక్టర్ ఎవరికి నొప్పి అన్నడు. ‘నీకు’ అన్నవ్. ఆయన నవ్విండు.”

“ఎవరన్నారు ఖాలా?”

“నువ్వే,” అని తన గుండె మీద చేయి పెట్టుకుంది.

నేర్పడం ఎంత తేలికో చెబితే ఆవిడ నమ్మలేదు. “మీరు ‘వచ్చినవ్’ అంటారు కదా. ‘నువ్వు’ బదులు ‘నేను’ అనండి, చివర ‘వ్’ తీసేయండి. ‘వచ్చిన’. అది మీరు.”

“గంతేనా?”

“అంతే.”

అల్లం పొట్టు గీకుతూ వారం రోజులు సాధన చేసింది. పోయిన, తిన్న, కుట్టిన. తప్పు పలికినప్పుడల్లా నాలుక కరుచుకునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కోట కథ మళ్లీ చెప్పమన్నాను. “నేను పొద్దుగాల లేసిన” అని మొదలుపెట్టింది. మాట మాటకూ ఆగుతోంది. ఈసారి నాకు గాలి తగల్లేదు. ఎదురుగా పద్నాలుగేళ్ల పిల్ల ఒకతె కనిపించింది, నేను కాని పిల్ల. కథ కోట దిగే చోటికి వచ్చింది. ఖాలా లేవలేదు.

“ఆపా ఆడ ఒక పిలగానితోని మాట్లాడేది. కాలేజ్ పిలగాడు. ఒకరోజు ఆపా నన్ను తీస్కపోలే. నాకు కోపమొచ్చింది. అబ్బాకు చెప్పిన.”

తర్వాతది రెండు మూడు మాటల్లో చెప్పింది. తండ్రి అక్క చదువు మాన్పించాడు. రెండు నెలల్లో గుల్బర్గా సంబంధం చూసి పెళ్లి చేశాడు. ఎవరు చెప్పారో అక్కకు తెలిసింది. అప్పటి నుంచి పెళ్లిళ్లలో, చావుల్లో కలిసినా సలాం వరకే.

“అప్పటికి చిన్నపిల్ల కదా ఖాలా, మీకేం తెలుస్తుంది” అన్నాను.

“తెల్సు బేటా. నాకు తెల్సు.” చేతిలోని గుడ్డను మడత పెట్టింది, మళ్లీ విప్పింది. “గిన్ని దినాలు నీకు కోట సూపెట్టిన. గిది ఎట్ల సూపెడ్త? గిది నువ్వు చెయ్యలే. నేను చేసిన.”

నాకు వ్యాకరణం వచ్చుననుకునేదాన్ని. ఆవిడకు ‘నేను’ తెలియదనీ, నేనే నేర్పాననీ అనుకున్నాను. ఏ మాట నా మీద వేయకూడదో ఆవిడకు ముందే తెలుసు. అందుకే ప్రతిసారీ అక్కడ ఆగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నెల తర్వాత ఒక శుక్రవారం, మేనకోడలి దగ్గర సంపాదించిన అక్క నంబరు నా చేతికిచ్చి కలపమంది. ఫోను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నాకు ఉర్దూ అంతంతమాత్రమే. ‘ఆప్’ అంటోందని మాత్రం తెలిసింది. మీరు ఎలా ఉన్నారు, మీ ఆరోగ్యం ఎలా ఉంది. ఖాలా గోడకు ఆనుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. ఏదో చెప్పింది, చాలా తక్కువ మాటలు. అప్పుడు అవతలి గొంతు లేచింది, కోపంగా, గబగబా, ఏడుస్తూ. ప్రతి మాటకూ ముందు ‘తూ’, ‘తూ’ అని. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లు అనుకునే ‘నువ్వు’ అది. ఖాలా కూడా ‘తూ’ అంది.

ఫోను చెవి నుంచి తీయకుండానే నాకు వంటింటి వైపు సైగ చేసింది. అన్నం మాడుతోంది. వెళ్లి పొయ్యి ఆర్పి, కాసేపు అక్కడే నిలబడ్డాను.