సోమమ్మ ఇసుక చేలో దుర్గయ్య మంద

గొర్రెల సంగతి అడగండి, దుర్గయ్య గంటసేపు చెబుతాడు. ఏది కుంటుతోందో, ఏది ఎప్పుడు ఈనుతుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. మనుషుల సంగతి మాత్రం అడగొద్దు. యాభై ఐదేళ్ళొచ్చినా అది ఆయనకు అంతుపట్టలేదు. ఆ ఏడు మరీ ఘోరం.

కృష్ణానది నడుమ ఒక ఊరుంది. చుట్టూ నీళ్ళే కనుక అందరూ దాన్ని గడ్డ అంటారు. ఆ ఏడు పెద్ద గాలివాన, దాని వెనకే వరద వచ్చి ఇళ్ళ కప్పులు లేపేశాయి, పొలాల మీది మట్టిని ఊడ్చుకుపోయి ఇసుక మిగిల్చాయి. ఒడ్డునే ఉన్న దుర్గయ్య ఊరివాళ్ళు తలో చెయ్యి వేసి బియ్యం, చీరలు, దుప్పట్లు పంపారు. దుర్గయ్య కూడా కొత్త గొంగడి భుజాన వేసుకుని, గుండ్రటి పుట్టి పడవ ఎక్కి నది దాటాడు. తీరా చూస్తే బడి వరండాలో దుప్పట్లు నడుమెత్తు కుప్పపడి ఉన్నాయి, ముట్టేవాడు లేడు. సిగ్గేసి, గొంగడితోనే తిరిగొచ్చాడు.

"మరి వాళ్ళకేం గావాలె?" అని భార్య యాదలక్ష్మిని అడిగాడు.

"నన్నడుగుతవేంది? పొయ్యొచ్చింది నువ్వు గద."

అదీ నిజమే. రెండు రోజులు బుర్ర గోక్కున్నాడు. మూడో రోజు గొర్రెలు మేపుతుంటే తట్టింది. రాత్రిళ్ళు చేలో మంద కడితే పెంటికలు, మూత్రం పడి నేలకు బలం వస్తుంది. అందుకు రైతు కాపరికి అన్నం పెట్టి, గింజలు కొలిచి పంపుతాడు. తాతల నాటి పద్ధతి. ఇసుకకు అది పనిచేస్తుందా? తెలియదు. చూడి గొర్రెలు పుట్టిలో బెదిరి నీళ్ళలోకి దూకితే? అదీ తెలియదు. తెలియకుండానే నలభై గొర్రెలను, పుట్టికి ఎనిమిది చొప్పున, కాళ్ళు కట్టి దాటించాడు. దాటినంతసేపూ వాటి మెడలు పట్టుకునే కూర్చున్నాడు.

ఏటా ఎండాకాలం నది ఇంకినప్పుడు నడిపించుకొచ్చి మంద కట్టే సోమమ్మ చేనికే తోలాడు. మొగుడు పోయినాక మూడెకరాలు ఒంటిచేత్తో చేసుకుంటున్న మనిషి. గట్టు మీద అడ్డంగా నిలబడింది.

"ఆడనే ఆపు తమ్మీ. ఎల్లుండి నేను నారాయణపేట పోతున్న, మా అన్న ఇంటికి. గీ ఇసుకల ఏం ఏస్త? నీకియ్యనీకి ఇంట్ల గింజ గూడ లేదు."

"గింజలెవలడిగిండ్రు సోమక్కా. ఉత్తగనే కడ్త."

అంతే, ఆమె మొహం మాడిపోయింది.

"ఉత్తగ ఇచ్చేటోళ్ళను నెల దినాల సంది జూస్తున్న. చీరలిచ్చి, ఫోటో దిగి పోయిండ్రు. నువ్వు గూడ గట్లనే వచ్చినవా?"

దుర్గయ్య గొర్రెల కేసి చూశాడు. అడిగితే తప్పు, ఇస్తే తప్పు. ఇదెక్కడి తిరకాసు? గొర్రెలను మళ్ళీ పుట్టి ఎక్కించాలంటే ప్రాణం ఉసూరుమంది. ఏడుపు కూడా వచ్చింది. ఎటూ తోచక, నోటికొచ్చింది అనేశాడు.

"పొద్దుగాల సంది ఏం తినలే అక్కా. జర అన్నమన్న పెట్టు."

సోమమ్మ గట్టు దిగింది. ఇంట్లోకి పోయింది. పొద్దు వాలేసరికి పళ్ళెంతో వచ్చింది. అన్నం, మీద పచ్చిపులుసు. అవి తన ఊరు పంపిన బియ్యమే, దొడ్డు గింజ చూడగానే దుర్గయ్య పోల్చుకున్నాడు. సాయం చేద్దామని వచ్చి సాయపు బియ్యమే తినొచ్చా? తేల్చుకునే ఓపిక ఆకలికి లేదు. తినసాగాడు.

ఆమె చేని కేసి చెయ్యి చాపింది.

"గా మూలకు కట్టు మంద. గాడ ఇసుక ఎక్కువుంది, నాల్గు దినాలు కదలనియ్యకు. తర్వాత ఇటు జరుపుదాం."

దుర్గయ్య పళ్ళెంలోంచి తలెత్తాడు.

"ఎల్లుండి పోతనంటివి గద అక్కా?"

"మంద కట్టినోనికి అన్నం పెట్టకుంట యాడికి పోత?" అంది సోమమ్మ.