ఎవరెవరు చెయ్యి పెడతరు?

నాగావ్ బస్తిల మగ్గాల చప్పుడు నడుమ మా చిన్న కంప్యూటర్ ఆఫీసు ఉండె. అక్కడ నాకు పని నేర్పిన అక్క, ఏది మొదలుపెట్టినా ముందు ఒక్క మాటే అడిగేది: "దీంట్ల ఎవరెవరు చెయ్యి పెడతరు?"

దగ్గర్లనే ఉన్న మాన్కోలిల ఒక సేటు గోదాముకు, బట్టల స్టాకు చూపించే వెబ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నం. డేటాబేస్‌కు వేరే సర్వర్ పెడదామన్న నేను. పని పెద్దగ కనబడాలె గదా.

అక్క నవ్వింది. "బ్రౌజర్ల పదిమంది చూడనీ. డేటాల చెయ్యి పెట్టేది మన సాఫ్ట్‌వేర్ ఒక్కటే. డేటాబేస్ దాని లోపలనే ఉండనీ. సర్వర్ పెడితే దాన్ని దినాం సాకేదెవరు?"

అట్లనే పెట్టినం. హాయిగ నడిచింది.

కొన్నాళ్లకు సేటు, బిల్లుల ప్రోగ్రాం గూడ అదే డేటా చదవాలన్నడు. పెట్టి చూస్తే దాంట్ల డేటా తెరుచుకోలే. మా సాఫ్ట్‌వేర్ డేటాను పట్టుకొని కూసున్నది, రెండోదాన్ని రానియ్యది. బిల్లులు రాక గోదాము ముంగట టెంపోలు ఆగినయి. అక్క మొహం మాడ్చుకోలే. "ఇప్పుడు ఇద్దరైండ్రు. ఇగ సర్వర్ పెడదాం. డేటా దాని చేతుల ఉంటది, ఎవరికి కావాలన్నా దాన్నే అడగాలె," అని ఆ పూటనే మార్చేసింది.

అక్క మామిడికాయ తొక్కు డబ్బా ఎప్పుడూ ఆమె సంచిలనే ఉండేది. ఆఫీసుల ఇద్దరు కొత్తోళ్లు చేరిన దినం, అన్నాలు తినేటప్పుడు దాన్ని తెచ్చి బల్ల నడుమ పెట్టింది. అండ్ల ఒక చెంచ ఏసింది.

"ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు. చెంచతోటే తీసుకోండ్రి."

డబ్బా అడుగు కనబడేదాక ఆ తొక్కు ఖరాబ్ కాలే.