మా ఇంటిపేరు బార్టన్

మా ఇంటిపేరు బార్టన్. ఇందుకూరుపేటలో ఎవరికైనా ఈ పేరు చెప్పగానే వాళ్ల చూపు నా మొహం మీద అవసరానికి మించి ఆగుతుంది. చేతిలో కూరల సంచితో నిలబడిన ఈ నల్లటి మనిషిలో దొరతనం ఎక్కడుందా అని వెతుక్కుంటారు. నాకు నవ్వొస్తుంది. ఒక్కోరోజు ఒళ్లు మండుతుంది కూడా.

మా నాన్నకు తాత అయిన ఆయన దిక్కులేని బిడ్డగా మిషన్ బంగళాలో పెరిగాడు. బడిలో వేసినప్పుడు ఇంటిపేరు అడిగితే చెప్పేవాళ్లు లేక, పెంచిన దొరసానమ్మ తన ఇంటిపేరే రాయించింది. అదే బంగళాలో పెరిగిన ఇంకో అనాథకూ అదే పేరు దక్కింది. ఆయన మనవళ్లు ముత్తుకూరులో ఉన్నారు. మా మేనత్తకు ఆ ఇంటి సంబంధం వస్తే, ఒకే ఇంటిపేరు కాబట్టి అన్నాచెల్లెళ్ల వరస అవుతుందని పెద్దలు కాదన్నారు. చుక్క రక్తం కలవకపోయినా పేరు తన పని తాను చేసింది.

మనవాళ్ల ఇంటిపేర్లు చాలావరకు ఊరిపేర్లే. అందుకే పెళ్లిళ్లలో కొత్తవాళ్లు పలకరిస్తే "మీ ఇంటిపేరేంది? అసలు ఏ ఊరోళ్లు?" అని రెండూ కలిపే అడుగుతారు. నాన్న మొదటిదానికి జవాబు చెప్పి, రెండోది వినపడనట్టు వడ్డన వైపు చూసేవాడు.

పోయిన ఏడాది మా నాయనమ్మ చనిపోయింది. ఏడాది ప్రార్థన నాటికి సమాధి మీద రాయి నిలపాలి. రాయి చెక్కే ఆయన వివరాలన్నీ రాసుకుని, "ఇంటిపేరు పెట్టాల్నా?" అన్నాడు. అక్కడే నాన్నకూ బాబాయికీ తేడా వచ్చింది.

"వద్దన్నా," అన్నాడు బాబాయి. "అది మనది కాదు. ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న చీర. అమ్మ బతికినన్నాళ్లు కట్టుకునింది, చాలు. సమాధి మీద గూడా ఎందుకు?"

 తల్లి పేరు సగమే రాయి మీదికెక్కితే, మేం ఎక్కడివాళ్లమూ కాదని మేమే ఒప్పుకున్నట్టవుతుందని నాన్న బాధ. మర్నాడు సాయంత్రంలోగా చెప్పమన్నాడు రాయి చెక్కే ఆయన. ఆ రోజు నాన్న అన్నం సరిగా తినలేదు.

నేను ఇరవై ఏళ్లుగా బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. పాఠంలో ప్రతి మాటకూ పిల్లల చేత అర్థం వెతికిస్తాను. నా ఇంటిపేరుకు ఒక అర్థం ఉండొచ్చని మాత్రం ఏనాడూ తోచలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. మర్నాడు మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఫోన్లో వెతికాను.

బార్టన్ ఊరిపేరే. ఇంగ్లండులో ఆ పేరుతో చాలా పల్లెలున్నాయట. అక్కడినుంచి వేరే చోటికి వెళ్లినవాళ్లను ఫలానా ఊరివాళ్లని పిలవగా పిలవగా అదే ఇంటిపేరైంది, అచ్చం మనలాగే. ఇంకా చదివాను. వాళ్ల పాత భాషలో బార్లీకి ఒక మాట, కంచె కట్టుకున్న చోటికి ఒక మాట. రెండూ కలిస్తే ఈ పేరు. కోసిన పంట చేర్చే దొడ్డికి కూడా అదే పేరు స్థిరపడిందట.

పక్కనే ఉన్న నాన్నకు తెలుగులో చెప్పాను.

"కోసిన పంట చేర్చే చోటా?"

"అవును నాన్నా."

"అంటే కళ్లం గదమ్మా."

నాయనమ్మ నడుం వంగేదాకా ఊరివాళ్ల కళ్లాల్లో కూలికి వడ్లు తూర్పారబట్టింది. మధ్యాహ్నం దాటి మైపాడు వైపునుంచి సముద్రపు గాలి లేచేదాకా ఆగి, పీట మీద నిలబడి చేట తల మీదికెత్తేది. తాలు పడమటికి ఎగిరిపోయేది, గింజ ఆమె కాళ్ల దగ్గర రాలేది. చదువురాని ఆ మనిషి వేలిముద్ర పక్కన జీవితమంతా కళ్లమనే రాసి ఉందంటే, నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఏ పల్లెలో పుట్టిన మాట, ఎన్ని సముద్రాలు దాటి, ఎవరి చేతులు వెతుక్కుంటూ వచ్చింది!

నాన్న బాబాయికి ఫోన్ చేసి చెప్పాడు. అటువైపునుంచి, "రాయి ఆయన దగ్గరికి నేనే పోతాన్లే అన్నా," అని మాత్రం వినపడింది.

ఏడాది ప్రార్థనకు నాయుడుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన రాయి మీది పేరు కూడబలుక్కుని చదివి, నాన్నను అడిగాడు. "ఇదేం ఇంటిపేరయ్యా? అసలు ఏ ఊరోళ్లు మీరు?"

నాన్న ఈసారి ఎటూ చూడలేదు.

"కళ్లం కాడోళ్లం," అన్నాడు. "మా అమ్మ ఆడే పనిచేసింది."