రాఘవయ్యను పిలిచింది నేనే

నలభై ఏళ్ళుగా ఈ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లోదానికి చెప్పలేదు, దేవుడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో నందిగామలో నాకు పురుగుమందుల కొట్టు ఉండేది. వెనక గదిలో పేకాట. ఆటకింత అని నాకు ముట్టేది. మిరప రైతులు మందు కోసం వచ్చి, ఆ సంగతే మరిచి ముక్కలు పట్టుకునేవాళ్ళు. వాళ్ళలో వీరులపాడు రాఘవయ్య ఒకడు. బడిలో నా పక్కన కూర్చున్నవాడు. ఆ ఏడు కాయలమ్మిన సొమ్మంతా నా గదిలోనే పోగొట్టుకుని, ఒకరోజు కొట్టు బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

“ఒరేయ్, ఇకమీదట నేనొచ్చినా లోపలికి రానియ్యొద్దు. తిట్టినా సరే, కాళ్ళు పట్టుకున్నా సరే.”

“నీ అంతట నువ్వు మానెయ్యొచ్చుగా?”

“నా వల్లయితే నీ దగ్గరికెందుకొస్తాన్రా?”

సరేనన్నాను. కొన్నాళ్ళు మాట నిలబెట్టుకున్నాను కూడా. వాడు వెనక గది వంక చూస్తుంటే మందు డబ్బా చేతిలో పెట్టి పంపేసేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం జగ్గయ్యపేట షావుకార్లు వచ్చారు. ఆటకి ఒక మనిషి తక్కువ. లేచిపోతామంటున్నారు. అప్పుడే రాఘవయ్య ఎడ్లబండి కొట్టు ముందు ఆగింది. ఆటకి రమ్మని పిలిచాను. వద్దురా, వద్దురా అన్నాడు. ఒక్క ఆటేగా అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. పొద్దుగూకకముందే ఎడ్లను షావుకారు మనిషి తోలుకుపోయాడు. బండి మిగిలింది. మర్నాడు మొగుడూ పెళ్ళాం వచ్చి దాన్ని చేతులతో లాక్కుపోతుంటే, నేను లోపల డబ్బాలు సర్దుతున్నట్టు నటించాను.

ఆడవాళ్ళు గోల పెడితే పెద్దలు కూర్చున్నారు. గది మూయించాలని కొందరు, ఎవరి ఇష్టం వాళ్ళదని కొందరు. నేను లేచి, “ఎవరినైనా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చామాండీ?” అన్నాను. రాఘవయ్య అక్కడే ఉన్నాడు. తలెత్తి నా వంక చూసి, మళ్ళీ దించుకున్నాడు. గది మూయలేదు.

మూయించి ఉంటే వాడు బాగుపడేవాడా? ఇంకో గది వెతుక్కునేవాడేమో. ఈ మాటతో నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. కానీ వాడి ఇష్టమేమిటో నాకు తెలియదా? మందు తీసుకుని ఇంటికి పోవడం వాడి ఇష్టం. అది తన దగ్గర నిలవదని తెలిసే నా దగ్గర దాచుకున్నాడు. నేను దాన్ని అమ్ముకున్నాను.

తర్వాత పొలం కౌలుకిచ్చి చిల్లకల్లులో రోడ్డు పక్కన టీ కొట్టు పెట్టాడు. బస్సు అక్కడ ఆగితే నేను దిగేవాణ్ణి కాదు. ఒకసారి వాడే కిటికీ దగ్గరికి గ్లాసు తెచ్చి అందించాడు. ఏదో అందామని నోరు తెరిచాను. తాగి గ్లాసు ఇచ్చేశాను.

వాడిప్పుడు లేడు. క్షమించమని ఎవరినడగను? ఆ రోజు పెద్దల ముందు చెప్పాల్సింది ఇప్పుడు మీ ముందు చెబుతున్నాను.

లాక్కొచ్చామండీ. నేనే లాక్కొచ్చాను.