బాపు రాయి మీద గ్రీకు గుర్తు

బాపు, అంటే మా నాన్న, పోయే ముందు అడిగింది ఒకటే. "బిడ్డా, నా గోరీ మీద సిలువ వెయ్యిరి. గంతే."

ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసే దగ్గర పనిచేసిన మనిషి. ఎవరినీ ఏదీ నోరు తెరిచి అడిగి ఎరుగడు. అడిగిన ఆ ఒక్కటీ నేను చెయ్యలేదు. పైగా చేశానని మా అమ్మకు అబద్ధం చెప్పాను. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ ఆ మాట నమ్మింది, నా మాట కాదనడం ఆమెకు చేతకాదు.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా నానమ్మ డిచ్‌పల్లి మిషన్ దవాఖానలో జబ్బు నయం చేసుకుని, వచ్చేటప్పుడు యేసయ్యను వెంటబెట్టుకొచ్చింది. మనసులో అప్పటి నుంచి మేం క్రైస్తవులం, కాగితాల మీద మాత్రం హిందువులం. మతం మారారని తేలితే మా ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. నా టీచర్ ఉద్యోగం ఆ సర్టిఫికెట్ మీద వచ్చిందే. అందుకే నిజామాబాద్‌లో మా ముందుగదిలో ఎరువుల షాపువాళ్లిచ్చిన లక్ష్మీదేవి క్యాలెండర్ ఉంటుంది, సిలువ మాత్రం బీరువా తలుపుకు లోపలివైపు ఉంటుంది. ప్రార్థన చేసుకోవాలంటే ముందు బీరువా తాళంచెవి వెతకాలి. మా వీధిలో ఇలాంటి బీరువాలు ఇంకా ఉన్నాయి. ఎవరూ ఎవరినీ అడగరు.

బాపు పోయిన నెలలోనే మాతో పనిచేసే ఒకాయన మీద ఎవరో ఫిర్యాదు రాశారు. దానికి ఆయన తండ్రి సమాధి ఫోటో జతచేశారు. సమాధి మీద సిలువ స్పష్టంగా కనబడుతోందట. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి సర్టిఫికెట్ దరఖాస్తు తహసీల్దార్ ఆఫీసులో ఉంది. బాపును పూడ్చిందేమో బోధన్ రోడ్డు పక్కన, చెరుకు తోటల అంచున, మా వాళ్లందరినీ పూడ్చే చోట. బస్సులో పోయేవాడు కిటికీలోంచి చూసినా కనబడుతుంది. నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు పుట్టింది నాకు తెలివి. పుట్టకపోతే బాగుండేది.

యూనివర్సిటీలో చరిత్ర చదివే రోజుల్లో ఒక పుస్తకంలో తొలికాలపు క్రైస్తవుల గుర్తులు చూశాను. అందులో ఒకటి గ్రీకు భాషలో క్రీస్తు అన్న పేరుకు మొదటి రెండక్షరాలు. ఒకటి గుణకారం గుర్తులా ఉంటుంది, రెండోది ఇంగ్లీషు పీ లా ఉంటుంది. రెంటినీ ఒకదాని మీద ఒకటి రాస్తే చక్రంలాంటి గుర్తు తయారవుతుంది. రోమ్‌లో భూమి లోపలి సమాధుల మీద కూడా దాన్ని చెక్కారు. క్రీస్తు ఉంటాడు, కానీ తెలిసినవాళ్లకే కనబడతాడు. మాలాంటి వాళ్ల కోసమే కనిపెట్టారనుకున్నాను. దాక్కుని బతికినవాళ్ల గుర్తు దాక్కుని బతికిన బాపుకు సరిపోతుందని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

టౌన్‌లో రాళ్లు చెక్కే ఆయన దగ్గరికి గుర్తు గీసుకుని వెళ్లాను. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది మేడం? మీ బాపు డాక్టర్ సాబా? మందుల చీటీల మీద గిసొంటిదే ఉంటది."

"కాదు. ఊరికే డిజైన్."

"సిలువ గిట్ల ఏమన్న కావాల్నా? శానమంది ఏపిచ్చుకుంటరు."

"వద్దు. మేం హిందువులం."

మా మతం ఏమిటని ఆయన అడగలేదు. అడగకుండానే చెప్పాను. ఆయన తలూపి పని మొదలుపెట్టాడు.

రాయి నాటించాక కూడా మనసు కుదుటపడలేదు. నేను చేసింది ఒప్పేనని ఎవరైనా చెబితే బాగుండుననిపించి, ఆ గుర్తు గురించి మళ్లీ చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ తల కిందికి దిగింది. క్రైస్తవులు వాడకముందు కూడా ఆ గుర్తు ఉందట. నేను పిల్లల నోటుబుక్కులో గుడ్ అని రాసినట్టు, గ్రీకు లేఖకులు పుస్తకంలో మంచి చోటు కనబడితే అంచున దాన్ని వేసుకునేవాళ్లట. క్రైస్తవులలో అది ఊరూరా పాకింది దాక్కున్న రోజుల్లో కాదు. ఒక రోమన్ చక్రవర్తి తన సైనికుల డాళ్ల మీద దాన్ని వేయించిన తర్వాత. అంటే అది అందరికీ కనబడాలని వేసిన గుర్తు. అంతకు ముందు క్రైస్తవ లేఖకులు ప్రభువు పేరును రెండు మూడక్షరాలకు కుదించి పైన గీత గీసేవాళ్లు. అది కూడా భయంతో కాదట, ఆ పేరు మీద గౌరవంతో. సిలువ అన్న మాట వచ్చినచోట ఆ మాటలోని రెండక్షరాలను కలిపి, సిలువకు వేలాడే మనిషిలా కనబడేటట్టు రాసేవాళ్లట. సిరాతో రాసేవాళ్లు కూడా సిలువను చూపించాలని తాపత్రయపడ్డారు. దాచడం కోసం వాళ్ల అక్షరాలను వాడుకున్నదాన్ని నేను. చరిత్ర టీచర్‌ని మళ్లీ.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ ప్రార్థన రోజున అవ్వను ఆటోలో తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో అన్నాళ్లూ ఆమె అక్కడికి రాలేదు. దారిలో ఎలా చెప్పాలో నాలో నేను పాఠం తయారుచేసుకుంటూనే ఉన్నాను. నేను ఆటో ఆయనతో మాట్లాడుతుండగా అవ్వ కర్ర పట్టుకుని ముందు నడిచింది. ఒక్కో రాయీ చూసుకుంటూ, బాపు రాయి కూడా చూసి, దాటి పోయింది. చెరుకు తోట గట్టు దాకా పోయి నిలబడింది.

"ఏదే బిడ్డా? సిలువ యాడ గానొస్తలేదు."

"అవ్వా, నువ్వు దాటి పోయినవు. ఇదే."

వెనక్కి వచ్చింది. చదువు రాని మనిషి, పేరు చదవలేదు. గుర్తు మీద వేలు పెట్టి చూసింది. నేను గబగబా చెప్పాను, ఇది సిలువ లాంటిదేనని, క్రీస్తు పేరేనని, ఎంతో పాతదని, పాప సర్టిఫికెట్ సంగతి కూడా. అంతా విన్నది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మీ బాపుకు ఎరుకేనా గీ గుర్తు?"

"ఎరుక లేదవ్వా."

కర్ర పక్కన పెట్టి మెల్లగా ఆ మట్టిలోనే కూర్చుంది.

"రేపు ప్రభువు పిలిచిననాడు లేసి సూస్తడు గద బిడ్డా. ఎవలి గోరీల పండుకున్న అనుకుంటడు."