స్టిక్కర్ కలిపిన చెయ్యి

మా దర్శి పల్లెల్లో స్టిక్కర్ అంటే బడిపిల్లలు పుస్తకాలకి అంటించుకునే బొమ్మ కాదు, పురుగుమందులో కలిపే జిగురు. "వానొచ్చినా మందు ఆకుని వదలదు" అని అమ్మేవాడు కొట్టువాడు. నాన్న దాన్ని డ్రమ్ములో పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాడు. కర్రతో కలపమని అమ్మ పోరితే, "జిగురు పట్టిందో లేదో కర్రకేం తెలుసుద్దే?" అనేవాడు.

పత్తిని తెల్లదోమ తినేసిన ఏడు, మందు కొడుతూ కొడుతూ చేలోనే నురగ కక్కుకుని పోయాడు. పెట్టెలో పెట్టేముందు అమ్మ ఆ చేతిని సబ్బేసి రుద్దుతూనే ఉంది. పాస్టరుగారు "ఇక చాలమ్మా" అన్నారు. బిందెలకొద్దీ నీళ్లు పోసినా మందు వాసన వదల్లేదు.

కొట్టువాడు మాకు అబద్ధమేం చెప్పలేదు.